పగలు మండీ లెక్కలు, రాత్రి అర్జునుడి వేషం

మదనపల్లె టమాటా మండీలో లెక్కలు రాసే పని నాది. తెల్లారకముందే బండ్లు దిగుతాయి. ఏ రైతుకు ఎన్ని బాక్సులు, ఏ ధర పలికింది రాస్తూ కూర్చుంటా. నలభై దాటినాక ఈ చేత్తోనే గాండీవం పట్టుకుని తపస్సు మాను ఎక్కినాను.

మా వైపు భారతం చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. ఎండాకాలం వస్తే కుప్పం, పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల ధర్మరాజు గుళ్ల దగ్గర మహాభారతం పెడతారు. చాలాచోట్ల 18 రోజులు. పగలు హరికథ, రాత్రి అదే కథ వీధినాటకంగా తెల్లారేదాకా. చివరిరోజు ఆరుబయట మట్టితో పడుకోబెట్టిన భారీ దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడి వేషం తరుముతుంది, దుర్యోధనుడి వేషం పరుగెడుతుంది. తొడ విరిగాక ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. ఆపైన అగ్నిగుండం. సరిహద్దు దాటి తమిళనాడుకు పోయినా గుళ్లలో కొలిచేది ఇదే ద్రౌపదమ్మను. ఆటను అక్కడ తెరుక్కూత్తు అంటారు.

జనం విరగబడేది మాత్రం అర్జునుడి తపస్సుకే. పాశుపతాస్త్రం కోసం శివుణ్ణి మెప్పించే ఘట్టమది. ఎత్తైన మాను పాతి మెట్లు కొడతారు. వేషగాడు పద్యాలు పాడుతూ మెట్టు మెట్టుగా ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, విభూతి, పూలు విసరాలి. పిల్లల్లేని ఆడవాళ్లు కింద తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. ప్రసాదం అందితే కడుపు పండుతుందని నమ్మకం.

పుంగనూరు దగ్గర మా ఊళ్లో నాయన భుజాలమీద కూర్చుని చూసినప్పుడే ఆ మాను మీద నేనుండాలనుకున్నాను. పైకి ఎవరితోనూ అనలేదు. ఎత్తంటే భయం లేదు. కిందుండే ముసలోళ్లకు పద్యాలన్నీ నోటికొచ్చు, అదీ భయం. శ్రుతి తప్పితే తెల్లారి టీకొట్టు దగ్గర నా మాటే. గుమాస్తాకు వేషాలెందుకంటారేమోనని ఇంకో బెంగ. ఒకప్పుడు గుమాస్తాగిరీ చేసిన నటుడు చిత్తూరు నాగయ్యే అక్కడి రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకుని, 1938లో సినిమాకెక్కి, 1946లో ‘త్యాగయ్య’ అయ్యాడని అప్పటికి నాకు తెలీదు.

కుప్పం వైపునుంచి వచ్చే నాటకం గురువు ఒకాయన, “వంత పాడేదానికి మనిషి లేడప్పా, వచ్చి నిలబడు” అన్నాడు. వెనక నిలబడితే మొహం ఎవరూ చూడరు కదా అని ఒప్పుకున్నా. అక్కణ్ణుంచి చిన్న వేషాలు, ఆపైన అర్జునుడు. “మెట్టెక్కుతా పాడొద్దు. కాలు ఊనుకో, ఊపిరి తీసుకో, అప్పుడు పద్యం ఎత్తుకో. రాగం తీసేటప్పుడు మాత్రం మాను వదలొద్దు” అని నేర్పించినాడు. మండీ సద్దుమణిగినాక ఖాళీ బాక్సుల మధ్య సాధన చేసేవాణ్ణి. ఒకరోజు మూటలు దించే హమాలీ ఆగి, “రెండో పాదం కాడ ఊపిరి చాల్లేదన్నా” అన్నాడు. సరిగ్గా పట్టినాడు. మరుసటి రోజునుంచి ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునే పాడినాను.

మొదటిసారి మాను ఎక్కిన రాత్రి మొహానికి అర్దళం పూసి, భుజకీర్తులు బిగించి, కిరీటం కట్టినారు. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిరగాల్సిందే. మొదటి మెట్టుమీద మోకాళ్లు వణికినాయి. కిందికి చూస్తే తడి చీరల్లో బోర్లా పడుకున్న ఆడవాళ్లు. ఒక్కరూ నా మొహం చూడటంలేదు, నా శ్రుతి లెక్కపెట్టడంలేదు. వాళ్లు మొక్కుతున్నది అర్జునుడికి. మండీ గుమాస్తా ఎక్కడున్నాడో వాళ్లకేం పని? ఆ సంగతి తట్టినాక గొంతు దానంతటదే లేచింది. నాలాంటి బిడియస్తుడికి వేషం చేసే మేలు అదే: జనం కళ్లు మనమీద పడకుండా పాత్ర అడ్డం నిలబడుతుంది.

ఈ యేడు పక్కూరోళ్లు కూడా అడిగినారు. భారతం, టమాటా రెండూ ఎండాకాలమే. సెలవు సంగతి యజమానితో ముందే మాట్లాడి పెట్టుకున్నా.