ఆ పెట్టె ఎవరిది?

గల్ఫ్‌కో సింగపూర్‌కో మొదటిసారి విమానం ఎక్కబోయే మా సత్యవేడు పిల్లలు ముందురోజు మా ఇంటికి వచ్చి అడిగేది ఒకటే. “సార్, లోపల ఎవడైనా మీదికొస్తే ఏం చేయాల?” విమానాశ్రయాలకు కాపలా కాసే సీఐఎస్ఎఫ్‌లో చేసి రిటైరైనవాణ్ణి కదా, కర్రసాము లాంటిదేదో నేర్పిస్తానని వాళ్ళ ఆశ. నేను ఆ ప్రశ్న పక్కన పెట్టి ఇంకోటి అడుగుతా. “నీ పెట్టె ఎవరు సర్దినారు నాయనా?”

అమ్మ, అక్క, పక్కింటి అత్త అని వరసగా పేర్లు వస్తాయి. అత్త కొడుకు కువైట్‌లో ఉండాడు, వాడికని ఒక పొట్లం ఇచ్చింది. విప్పి చూశావా అంటే, “పచ్చడే సార్, అత్త అబద్ధం చెప్తుందా?” అంటాడు. అక్కడ నేను కుర్చీ ముందుకు లాక్కుంటా.

చెన్నై మీనంబాకం విమానాశ్రయంలో ఎక్స్‌రే తెర ముందు కూర్చున్నవాడికి మనిషి ముఖంతో పని లేదు. పెట్టె లోపలి సంగతి రంగుల్లో కనపడుతుంది. లోహం నీలంగా ఉంటుంది. తిండి, బట్ట, కాగితం నారింజ రంగులో ఉంటాయి. చిక్కేమిటంటే మత్తుమందూ, చాలా రకాల పేలుడు పదార్థాలూ కూడా ఆ నారింజ రంగులోనే ఉంటాయి. మీ ఆవకాయ డబ్బాను విప్పమంటే అవమానంగా అనుకోకండి. గట్టిగా కూరిన డబ్బా ఏదైనా ఆ తెర మీద అనుమానంగానే ఉంటుంది. పైగా అంతర్జాతీయ ప్రయాణంలో చేతి సంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసా ఏదీ ఒప్పుకోరు. నూనెలో తేలే పచ్చడి కూడా అందులోకే వస్తుంది.

మా వైపు వాళ్ళకు విమానమంటే మీనంబాకమే. ఊత్తుకోట, పెరియపాళెం, రెడ్‌హిల్స్ మీదుగా పోయే దారి. రేణిగుంటలో విమానాలున్నా గల్ఫ్‌కు పోయేవాళ్ళు చెన్నైకే పోతారు. ఆ విమానాశ్రయానికి ఒక పాత గాయం ఉంది. 1984 ఆగస్టు 2 రాత్రి, కొలంబో విమానానికని ఒకడు రెండు సూట్‌కేసులు అప్పగించి, తాను మాత్రం ఎక్కలేదు. మనిషి లేడని సూట్‌కేసులను దించి టెర్మినల్లో పెట్టారు. వాటిలో బాంబు ఉందని ఫోన్లు వచ్చినా సమయానికి బయటికి చేర్చలేకపోయారు. పేలుడులో 30 మందికి పైగా చనిపోయారు. సరిగ్గా ఏడాది తిరగకముందే, 1985 జూన్ 23న, కెనడా నుంచి వస్తున్న ఎయిరిండియా ‘కనిష్క’ ఐర్లండ్ దగ్గర సముద్రం మీద పేలిపోయింది. 329 మంది పోయారు. అందులోనూ పెట్టె ఎక్కింది, పెట్టె అప్పగించినవాడు ఎక్కలేదు.

చెకిన్ చేసిన ప్రయాణికుడు గేటు దగ్గర కనపడకపోతే విమానం ఆగి, అతని సామాను వెతికి దించడం చూసే ఉంటారు. అరగంట ఆలస్యమైందని చుట్టూ అందరూ తిట్టుకుంటారు. ఆ అరగంట వెనక ఇంత కథ ఉంది.

మీరు చేయాల్సింది దీన్నుంచే వస్తుంది. కుర్చీ కింద ఒంటరిగా సంచి కనపడితే మన జనం మొదట కాలితో తడతారు, తర్వాత “ఇదెవరిదబ్బా?” అని చేతిలోకి తీసుకుంటారు. రెండూ వద్దు. ముట్టుకోకుండా దూరం జరిగి, యూనిఫాంలో కనపడినవాడికి చెప్పండి. నూటికి తొంభైతొమ్మిదిసార్లు అందులో ఎవరో మరిచిపోయిన శాలువా ఉంటుంది. మాకు చెప్పినందుకు ఎవరూ నవ్వరు. అలాగే “బాత్రూంకి పోయొస్తా, కాస్త దీన్ని చూస్తా ఉండన్నా” అని అపరిచితుడు అడిగితే, నవ్వుతూనే కుదరదనండి.

ఇక అత్త ఇచ్చిన పొట్లం. 2019లో ముంబయికి చెందిన ఒక జంట ఖతార్ వెళ్ళింది. టిక్కెట్లు, బస అంతా బంధువు ఒకామె కానుక. వెళ్ళేటప్పుడు అక్కడ ఇవ్వమని ఒక పొట్లం కూడా ఇచ్చింది. దోహా విమానాశ్రయంలో విప్పితే నాలుగు కిలోల హషీష్. పదేళ్ళ శిక్ష పడింది. భార్య అప్పటికే గర్భవతి, బిడ్డ జైల్లోనే పుట్టింది. మోసపోయారని రుజువై 2021లో విడుదలయ్యారు. అదృష్టం. ఇలాంటి కేసుల్లో “నాకు తెలియదు” అన్న మాట అన్నిచోట్లా చెల్లదు. పెట్టె ఎవరి చేతిలో ఉందో, నేరం మొదట వాళ్ళ మీదే పడుతుంది.

హషీష్ దాకా పోనక్కర్లేదు. మన వంటింట్లో మసాలా నూరేటప్పుడు వేసే గసగసాలు గల్ఫ్ దేశాల్లో మాదకద్రవ్యాల కిందికి వస్తాయి. నడుం నొప్పికని ఇక్కడి డాక్టరు రాసే ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గుమందు అరబ్ ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా తీసుకుపోకూడదు. మందులుంటే డాక్టరు చీటీతో, అసలు అట్టపెట్టెలోనే పెట్టుకోండి. విడి మాత్రలు పొట్లం కట్టుకుపోతే వాటిని అక్కడ ఎవరికి వివరిస్తారు? ఏ భాషలో?

అత్తకు కాదని ఎట్లా చెప్పాలన్నదే అసలు కష్టం. నేనొక ఉపాయం చెప్తా. “అత్తా, మా కంపెనీవాళ్ళు పెట్టె మొత్తం విప్పి, నా సామాను కానిది ఏదున్నా పడేస్తారంట. నువ్వు వండినది వాళ్ళ పాలు చేయడం నాకిష్టం లేదు” అనండి. మాట నొప్పించదు. ఆమె మరీ పట్టుబడితే ఆమె ఎదురుగానే పొట్లం విప్పి, గిన్నెలో పోసి, చూసి, మళ్ళీ మీ చేత్తో కట్టండి. దానికి ఒప్పుకోని పొట్లం ఊత్తుకోట కూడా దాటకూడదు. పరాయి దేశంలో ఇరుక్కుంటే మొదట మన రాయబార కార్యాలయం. ఇక్కడ ఇంట్లోవాళ్ళు ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రానికి 1800 11 3090కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఆ నంబరు గోడ మీద క్యాలెండర్‌లో రాసి పెట్టి పొమ్మని చెప్తుంటా.

మీదికొచ్చేవాడి సంగతికి వస్తా. తెలుగు విమానాశ్రయాల్లో అందరికీ గుర్తున్న దాడి 2018 అక్టోబరు 25న విశాఖలో జరిగింది. అప్పటి ప్రతిపక్ష నేత వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి లాంజ్‌లో ఉండగా, అక్కడి క్యాంటీన్‌లో పనిచేసే వ్యక్తి సెల్ఫీ అంటూ దగ్గరికొచ్చి పందెం కోడికి కట్టే కత్తితో ఆయన ఎడమ భుజం మీద పొడిచాడని కేసు. దర్యాప్తు తర్వాత ఎన్ఐఏకి పోయింది. రాజకీయాలు నాకొద్దు. కాపలా కాసినవాడిగా నాకు పట్టేది ఒకటే. వేలెడంత కత్తి, లోపల తిరగడానికి హక్కున్న మనిషి. లోపలికి వచ్చినవాళ్ళంతా తనిఖీ అయి వచ్చారు కదా అని ఒళ్ళు మరిచి కూర్చోకండి. అపరిచితుడు మరీ దగ్గరికొస్తే ఒక చేతిదూరం వెనక్కి జరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పెప్పర్ స్ప్రే, కారప్పొడి, చిన్న చాకు సంచిలో పెట్టుకుంటామని ఆడపిల్లలు అడుగుతారు. చేతి సంచిలో అవేవీ ఒప్పుకోరు. అంటే రక్షణకని లోపలికి తీసుకుపోగలిగిన ఆయుధం ఏదీ లేదు. మిగిలింది గొంతు.

గొంతును తక్కువ చేయకండి. శ్రీసిటీ కంపెనీల నుంచి ఇప్పుడు మా ఊరి ఆడపిల్లలు కూడా శిక్షణలకని ఒంటరిగా విమానం ఎక్కుతున్నారు. పక్క సీటువాడి చెయ్యి హద్దు దాటిందనుకోండి, చాలామంది బిగుసుకుపోయి కిటికీ వైపు ఒరిగిపోతారు. దిగేదాకా ఓర్చుకుంటారు. అలా చేయొద్దు. తల పైన ఉన్న కాల్ బటన్ నొక్కి, నాలుగు వరసలకు వినపడేలా “చెయ్యి తీయండి” అనండి. మర్యాదగా ‘అండి’ చేర్చాలని కూడా లేదు. సిబ్బంది సీటు మార్చాలి, కెప్టెన్‌కు చెప్పాలి, కిందికి కబురు పెట్టాలి. 2017లో పౌర విమానయాన శాఖ తెచ్చిన నిబంధనల్లో నోటి దురుసుకు మూడు నెలల దాకా, ఒంటి మీద చెయ్యి వేస్తే ఆరు నెలల దాకా, ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ళకు తక్కువ కాకుండా విమానం ఎక్కకుండా నిషేధం ఉంది. అది విమానయాన సంస్థ వేసే శిక్ష. చట్టం వేసేది వేరే. భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా జైలు. దిగిన చోటే విమానాశ్రయ పోలీసులకు రాసివ్వండి. ఘటన ఎక్కడి గాలిలో జరిగిందని వాళ్ళు తర్కిస్తే, ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాసుకోవాల్సిన జీరో ఎఫ్ఐఆర్ అని ఒకటుందని గుర్తుచేయండి. వాడి పేరు తెలియకపోయినా సీటు నంబరు చాలు. ఇండిగోలో అయితే ఆడవాళ్ళు వెబ్ చెకిన్ చేసేటప్పుడు, ఇంకో ఆడమనిషి తీసుకున్న సీటు ఏదో చూసి పక్కది ఎంచుకోవచ్చు. 2024 నుంచి ఆ వీలుంది.

అహమ్మదాబాద్ ప్రమాదం తర్వాత నా దగ్గరికి వచ్చేవాళ్ళ ప్రశ్న మారింది. 2025 జూన్ 12న అక్కడి నుంచి లండన్‌కు లేచి కూలిపోయిన విమానంలో ఉన్న 242 మందిలో ఒకరే బతికారు, 11ఏ సీటులో. అప్పటి నుంచి “11ఏ దొరుకుతుందా సార్?” అంటున్నారు. విమానం మారితే అదే నంబరు ఎక్కడో రెక్క మీద ఉంటుంది. ఆ ప్రమాదం నుంచి ప్రయాణికుడు నేర్చుకోవాల్సింది నాకేమీ కనపడలేదు, లేనిది చెప్పను.

నేర్చుకోవాల్సింది ఉన్నది టోక్యో హనేదాలో. 2024 జనవరి 2న దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం, రన్‌వే మీద ఉన్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని గుద్ది నిప్పంటుకుంది. చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలో మైకు పనిచేయలేదు, ఎనిమిది తలుపుల్లో మూడే వాడగలిగారు. అయినా 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. పెట్టెలు తీసుకోవద్దన్న సిబ్బంది మాట విన్నారు, అంతే. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వచ్చిన ఎమిరేట్స్ విమానం దుబాయ్‌లో కూలి కాలినప్పుడు, లోపల తీసిన వీడియోలో జనం పైఅర నుంచి సామాను లాగుతున్నారు. అందులోని 300 మందీ బతికారు కానీ కాసేపటికే ఇంధన ట్యాంకు పేలి మంటలార్పే ఉద్యోగి ఒకరు పోయారు.

మనవాళ్ళ మీద జాలి కూడా కలుగుతుంది. ఆ పెట్టెలో రెండేళ్ళ కష్టం ఉంటుంది, పాస్‌పోర్టు ఉంటుంది. అందుకే పాస్‌పోర్టు, వీసా కాగితం, ఫోను పెట్టెలో కాకుండా ఒంటి మీద, జిప్పున్న జేబులో ఉంచమంటా. అప్పుడు పెట్టెను వదలడానికి మనసొప్పుతుంది. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు చెప్పులు విప్పకండి. మీ సీటుకూ దగ్గరి తలుపుకూ మధ్య ఎన్ని సీట్ల వరసలున్నాయో చేత్తో తడిమి లెక్కపెట్టుకోండి. పొగలో కళ్ళు పనిచేయవు. తలుపు మీ వెనక కూడా ఉండొచ్చు.

పవర్‌బ్యాంకు గురించి ఒక్క మాట. దాన్ని కిందికి పంపే పెట్టెలో అసలు పెట్టకూడదు. పైఅరలో పెట్టినా ప్రమాదమే. 2025 జనవరి 28న కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం ఇంకా నేల మీద ఉండగానే పైఅరలో మంట లేచింది. పవర్‌బ్యాంకే కారణమై ఉంటుందని దర్యాప్తు తేల్చింది. లోపలున్న 176 మందీ బయటపడ్డారు. కంటికి కనపడేలా సీటు ముందు జేబులో పెట్టుకోండి. దాని మీద సామర్థ్యం రాసిన అక్షరాలు చెరిగిపోయి ఉంటే తనిఖీలో తీసేసుకుంటారు, వాదించి లాభం లేదు. ఎమిరేట్స్‌లో 2025 అక్టోబరు 1 నుంచి విమానం లోపల వాడడమే నిషేధం.

తిరుగు ప్రయాణంలో గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే మీనంబాకంలో దిగుతాయి. చేతిలో బంగారం, కంట్లో నిద్ర. బెల్టు మీద నల్ల పెట్టెలన్నీ ఒకటేలా ఉంటాయి కాబట్టి హ్యాండిల్‌కు ముందే ఎర్ర గుడ్డ కట్టుకోండి, ట్యాగు నంబరు చూసుకోండి. బయటికి ఒకసారి అడుగుపెడితే మళ్ళీ లోపలికి రానివ్వరు. బయట “సత్యవేడా? రాన్నా, తక్కువకే తీసకపోతా” అని చెయ్యి పట్టుకునేవాళ్ళు ఉంటారు. కాబట్టి సామాను బెల్టు దగ్గర ఉన్నప్పుడే బండి ఖాయం చేసుకోండి, నంబరు ప్లేటు వివరం ఇంటికి పంపండి. బండి దొరక్కపోతే తెల్లారేదాకా లోపలే కూర్చోండి. ఎవరూ పొమ్మనరు. తెల్లారాక మాధవరం బస్టాండుకు పోతే ఆంధ్రా బస్సులు అక్కడ దొరుకుతాయి.