వచ్చే మోడల్ దాకా ఆగాలా, ఇప్పుడే కొనాలా?

రాజాం: "కొత్త చిప్ వస్తోందట. ఇంకో నాలుగు నెలలు ఆగితే మంచిది కదా!" రాజాం, బొబ్బిలి, నరసన్నపేట, టెక్కలి వంటి ఊళ్ళలో ఫోటో స్టూడియోల దగ్గర, ఇంజనీరింగ్ విద్యార్థుల గదుల్లో తరచు వినిపించే మాట ఇది. మంచి గ్రాఫిక్స్ ఉన్న లాప్‌టాప్ కొనదలచినవారు కొందరు, చేతిలో సొమ్ము ఉండి కూడా, వచ్చే మోడల్ కోసం నెలల తరబడి ఎదురు చూస్తున్నారు. ఈలోగా పాత మిషన్ మీదే పని ఈడుస్తున్నారు. ధాన్యం అమ్మిన సొమ్మో, వలస వెళ్ళిన కొడుకు పంపిన సొమ్మో పోసి కొనే వస్తువు గనుక ఈ నిరీక్షణలో లాభనష్టాలు తెలుసుకోవడం అవసరం.

బొమ్మల పనికే చిక్కు

ఉత్తరాలు టైపు చేయడానికి, దరఖాస్తులు పంపడానికి, లెక్కలు వేయడానికి మామూలు లాప్‌టాప్ చాలు. చిక్కంతా బొమ్మల పనితోనే. పెళ్ళి వీడియోల మిక్సింగు, కరిజ్మా ఆల్బమ్‌లు, విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి కట్టే ఫ్లెక్సీలు, ఇళ్ళ ప్లాన్లు, సివిల్, మెకానికల్ విద్యార్థుల త్రీడీ డ్రాయింగులు - ఇవన్నీ గ్రాఫిక్స్ మీద భారం వేసే పనులే.

లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ రెండు విధాలు. ఒకటి అసలు ప్రాసెసర్‌లోనే కలిసి ఉండేది. దానికి సొంత మెమొరీ ఉండదు. ఉమ్మడి కుటుంబంలో ఒకే గాదె నుంచి అందరూ తీసుకున్నట్లు, అది మిషన్ మెమొరీలోనే వాటా తీసుకుంటుంది. రెండవది విడి చిప్. దానికి మెమొరీ వేరుగా ఉంటుంది. పని వేగంగా సాగుతుంది గాని ధర ఎక్కువ, వేడి ఎక్కువ, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.

ఆఫీసుల కోసం తయారయ్యే రకాలలో విడి గ్రాఫిక్స్ ఉన్నవాటిని ప్రత్యేక వరుసలుగా అమ్ముతారు. లెనోవో వారి థింక్‌ప్యాడ్ పి, హెచ్‌పి వారి జెడ్‌బుక్ అటువంటివే. డ్రాయింగు సాఫ్ట్‌వేర్లు వీటిపై సరిగా నడుస్తాయో లేదో ముందుగా పరీక్షించి ధ్రువీకరిస్తారు. ఆ నమ్మకానికి కూడా ధరలో కొంత చెల్లించవలసిందే.

తరం వెనుక తరం

కొత్త తరాలకు అంతూపొంతూ లేదు. ఎన్విడియా సంస్థ లాప్‌టాప్‌ల కోసం ఆర్‌టిఎక్స్ 30 వరుసను 2021 జనవరిలో, 40 వరుసను 2023 జనవరిలో, 50 వరుసను 2025 జనవరిలో ప్రకటించింది. అంటే రెండేళ్ళకొక తరం. ఇంటెల్ సంస్థ 2023 డిసెంబరులో కోర్ అల్ట్రా చిప్‌లు విడుదల చేసి, వాటిలోని ఉమ్మడి గ్రాఫిక్స్‌ను బాగా మెరుగుపరచింది. ఆ పేరుతో మూడవ వరుస 2026 జనవరిలో వచ్చింది. ఎప్పుడు కొన్నా కొద్ది నెలల్లో అది పాతదవుతుందన్నమాట.

పైగా అమెరికాలో ప్రకటన జరిగిన నాడే సరుకు మన బజారుకు రాదు. సాధారణంగా ఆటలాడే కుర్రకారు కొనే రకాలు ముందు వస్తాయి. ఆఫీసు రకాలు ఆ తర్వాత కొన్ని నెలలకు గాని రావు. మన దేశంలో దిగి, విశాఖపట్నం దుకాణాలకు చేరి, అక్కడి నుంచి మన ఊళ్ళకు వచ్చేసరికి మరికొంత కాలం పడుతుంది. వచ్చిన కొత్తలో ధర కూడా గట్టిగానే ఉంటుంది.

కొత్తది వస్తే పాతది చవకవుతుందన్న లెక్క కూడా ఎల్లప్పుడూ నిజం కాదు. 2025 చివరి నెలల్లో మెమొరీ చిప్‌ల ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం పెద్ద కంపెనీలు కడుతున్న కంప్యూటర్ కేంద్రాలకు ఆ చిప్‌లు అధికంగా తరలిపోవడమే ఇందుకు ముఖ్య కారణం. ధర తగ్గుతుందని ఆగినవారు ఎక్కువ ధర పెట్టవలసిన పరిస్థితి అలా ఏర్పడింది. అందువల్ల ధర తగ్గుతుందన్న ఆశ ఒక్కదాని మీద ఆధారపడి ఆగడం క్షేమం కాదు.

ఎవరు ఆగవచ్చు?

మాఘంలోనో, శ్రావణంలోనో పెళ్ళిళ్ళ పని ఒప్పుకున్న స్టూడియో యజమాని ఆగరాదు. ముహూర్తాలు మోడల్ కోసం ఆగవు. ఆల్బమ్ ఆలస్యమైతే బేరం పక్క ఊరికి పోతుంది. ఒక సీజనులో పోయిన బేరాల విలువ, రెండు మోడళ్ళ మధ్య తేడా కంటే ఎక్కువ కావచ్చు.

ఇంజనీరింగ్ మొదటి ఏడాది విద్యార్థి నిశ్చింతగా ఆగవచ్చు. మామూలు ఆటోకాడ్ గీతలకు పెద్ద గ్రాఫిక్స్ అక్కరలేదు. భారీ త్రీడీ పని చాలావరకు పై తరగతుల్లోనే వస్తుంది. అంతవరకు కళాశాల లాబ్‌లోని కంప్యూటర్లను వాడుకోవచ్చు. ఆటోకాడ్ తయారుచేసే ఆటోడెస్క్ సంస్థ, అర్హత చూపిన విద్యార్థులకు తన సాఫ్ట్‌వేర్లను ఉచితంగానే ఇస్తోంది. కాబట్టి తల్లిదండ్రులు మొదటి ఏడాదిలోనే అప్పు చేసి లక్ష రూపాయల మిషన్ కొనిపెట్టనవసరం లేదు. ఆఖరి ఏడాదిలో ప్రాజెక్టు పని నెత్తిమీదికి వచ్చిన విద్యార్థి మాత్రం ఇక ఆగకూడదు.

ఆగదలచినవారు కూడా ఒక గడువు పెట్టుకోవాలి. ఫలానా నెల దాటితే, బజారులో ఉన్నవాటిలో మంచిదే కొంటామన్న నిశ్చయం ఉండాలి. గడువు లేని ఎదురుచూపుకు ముగింపు ఉండదు.

కొనేటప్పుడు చూడవలసినవి

పేరు చూసి మోసపోరాదు. ఆర్‌టిఎక్స్ 4050 అనే ఒకే చిప్‌ను తయారీదారులు 35 వాట్లకు పెట్టవచ్చు, 115 వాట్లకూ పెట్టవచ్చు. పేరు ఒకటే, పని వేరు. వాట్లు ఎన్నో దుకాణంలో అడిగి తెలుసుకోవాలి.

బొమ్మల పనికి మెమొరీ కనీసం 16 జీబీ ఉండాలి. తర్వాత పెంచుకోవడానికి ఖాళీ స్లాట్ ఉందో లేదో చూడాలి. కొన్ని కొత్త మోడళ్ళలో మెమొరీ బోర్డుకే అతికి ఉంటుంది. ఇక పెంచడం కుదరదు.

ఇంటి వద్దకే వచ్చి బాగుచేసే వారంటీ మన పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో ముందే అడగాలి. లేకపోతే చిన్న మరమ్మతుకు కూడా విశాఖపట్నం మోసుకుపోవలసి రావచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియోవారు తమ నంబరుతో బిల్లు తీసుకుంటే, చెల్లించిన 18 శాతం పన్నును తాము కట్టవలసిన పన్నులో నిబంధనల మేరకు సర్దుకోవచ్చు. బిల్లు లేకుండా కొంటే ఆ వెసులుబాటు పోతుంది.

సెకండ్ హ్యాండ్ ఆఫీసు లాప్‌టాప్‌లు చవకగా దొరుకుతాయి. వాటిలో గట్టివీ ఉన్నాయి. అయితే విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదవ తరం కంటే పాత ప్రాసెసర్లలో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా వర్తించదు. తరం సంఖ్య చూడకుండా డబ్బు ఇవ్వరాదు.

మన రైతులకు ఈ సంగతి కొత్త కాదు. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ వరి 1982లో విడుదలైంది. ఆ తర్వాత ఎన్నో కొత్త రకాలు వచ్చాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి. వచ్చే ఏడు మంచి రకం వస్తుందని ఈ ఏడు పొలం బీడు పెట్టిన రైతు మాత్రం లేడు. మబ్బులు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోవడం ఎంత పొరపాటో, రాబోయే మోడల్‌ను తలచి చేతిలోని పనిని పోగొట్టుకోవడం అంతే పొరపాటు. పని ఉంటే కొనాలి, లేకుంటే ఆగాలి. మోడల్ సంగతి ఆ తర్వాతే.