చెక్క కత్తికి ఇత్తడి తొడుగు

శేరిలింగంపల్లి: హైటెక్ సిటీ అద్దాల మేడలకు కొద్ది మైళ్ల దూరంలోనే ఉంది సురభి కాలనీ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన నాటక కుటుంబాల వారసులుండే చోటిది.

రాజు వేషానికి కత్తే కళ. రంగు వేసిన చెక్క పిడికి ఇత్తడి గొట్టం తొడగడంలోనే ఉంది అసలు చిక్కు. పూత మందమైతే గొట్టం దిగదు. సుత్తితో కొడితే రంగు పెచ్చులూడుతుంది. పూత మీదే జిగురు రాస్తే ఏం లాభం? రంగుతో పాటే ఊడి వస్తుంది. అందుకే గొట్టం కూర్చునే మేర చెక్క కనిపించేదాకా ఉప్పుకాగితంతో రుద్దాలి. గొట్టం లోపలి అంచును ఆకురాయితో నునుపు చేసి, జిగురు రాసి, మెల్లగా తిప్పుతూ ఎక్కించాలి. ఆ రాత్రంతా కత్తిని కదపరాదు. పద్యం మధ్యలో గొట్టం గిర్రున తిరిగిందా, ముందు వరుస పిల్లలు రాజుగారినైనా వదలరు!