మన సుఖం ఎవరి నెత్తిన పడుతోంది?

రైలు ప్రయాణం గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే నలభై ఫిర్యాదులు పుడతాయి. జనరల్ బోగీలో కాలు పెట్టే చోటు ఉండదు. కిటికీలోంచి రుమాలు విసిరి సీటు ఆపుకునేవాడు ఒకడు, ముగ్గురు కూర్చునే చోట నాలుగోవాడిగా ఇరుక్కుని 'ఇంకొంచెం జరుగు బాబాయ్' అనేవాడు మరొకడు. తలుపు దగ్గర మూటలు, నడిచే దారిలో పసిపిల్లలు, మరుగుదొడ్డి పక్కన నిలబడనివ్వని కంపు. రద్దీని అడ్డం పెట్టుకుని ఆడపిల్లలను వేధించే దుర్మార్గులు ఉండనే ఉన్నారు. ఈ కష్టాల్లో ఏ ఒక్కటీ పడని సామాన్య కుటుంబం మనలో ఉండదేమో!

మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచుల వారి బాధ ఇంకొంచెం వేరు. 'భద్రాచలం రోడ్' అన్న పేరు చూసి భద్రాచలంలోనే దిగుతామనుకునే కొత్తవారు తీరా దిగేది కొత్తగూడెంలో! అక్కడి నుంచి గోదావరి దాటి భద్రాచలం చేరాలంటే మరో 40 కిలోమీటర్లు రోడ్డున పోవాలి. డోర్నకల్ జంక్షన్ నుంచి కారేపల్లి మీదుగా వచ్చే ఈ దారి సింగరేణి బొగ్గు పుణ్యమా అని పుట్టింది. దశాబ్దాల పాటు అది ఒంటి లైను. ఎదురు బండికి దారి ఇవ్వడానికి ప్యాసింజరు ఏ చిన్న స్టేషన్‌లోనో ఆగిపోతే, మళ్ళీ ఎప్పుడు కదులుతుందో చెప్పే నాథుడు ఉండేవాడు కాదు. డోర్నకల్ అనగానే మన సంఘాలకు 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు, అక్కడి కథెడ్రల్ గుర్తొస్తాయి. రైలు జనానికి మాత్రం బండి మారడానికి ప్లాట్‌ఫారం మీద పడిన పడిగాపులే గుర్తొస్తాయి.

పోనీ పట్నం వెళితే బాధ తీరుతుందా? కోల్‌కతాలో 1984లో దేశంలోకెల్లా మొదటి భూగర్భ రైలు నడిచింది. హైదరాబాద్‌లో 2003లో ఎంఎంటీఎస్, 2017 నవంబరులో స్తంభాల మీద పరుగెత్తే మెట్రో వచ్చాయి. బోగీలు చల్లబడ్డాయి, తలుపులు వాటంతటవే మూసుకుంటున్నాయి. కానీ ఆఫీసులు వదిలే వేళ అమీర్‌పేటలో ఎక్కితే అదే తోపులాట, అదే చిరాకు. ఎదురుగా గర్భిణి నిలబడితే, కూర్చున్న కుర్రాడికి ఉన్నట్టుండి ఫోన్‌లో అర్జంటు పని పడుతుంది! బోగీ మారింది కానీ మనిషి మారలేదు.

అలాగని ఫిర్యాదు చేయడం తప్పు కాదు. ఒక్క ఫిర్యాదు ఎంత మేలు చేయగలదో చెప్పే ముచ్చట ఒకటుంది. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడు కడుపుబ్బరం తాళలేక అహ్మద్‌పూర్ స్టేషన్‌లో దిగాడు. పని ముగియకముందే గార్డు ఈల వేశాడు. ఒక చేత చెంబు, మరో చేత పంచె పట్టుకుని పరుగెత్తిన ఆ పెద్దమనిషి ఆడా మగా చూస్తుండగా ప్లాట్‌ఫారం మీద పడిపోయాడు. ఆ అవమానాన్ని దిగమింగి ఊరుకోకుండా రైల్వే అధికారులకు ఉత్తరం రాశాడు. సామాన్యుల బోగీల్లోకి మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరమే కారణమని చెబుతారు. ఢిల్లీలోని రైలు మ్యూజియంలో దాన్ని ప్రదర్శనకు కూడా పెట్టారు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మరుగుదొడ్డి వచ్చింది సరే, అందులోది ఎక్కడికి పోయింది? తిన్నగా పట్టాల మీదికి! దాదాపు వందేళ్ళపాటు అలాగే పోయింది. గ్యాంగ్‌మన్ కంకర సర్దేది ఆ పట్టాల మధ్యే. కీమ్యాన్ వంగి బిగించేది ఆ పట్టాలనే. స్టేషన్‌లో ఆగిన బండి వెళ్ళిపోయాక చీపురు పట్టుకుని కిందికి దిగేది మరొక తల్లి బిడ్డే. ఈ మురికి వల్ల పట్టాలు తుప్పు పట్టిపోతున్నాయని 2012లో అనిల్ కాకోద్కర్ కమిటీ హెచ్చరించింది. ఇనుమునే తినేసే మురికి మనిషి చేతుల్ని విడిచిపెడుతుందా? మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో వచ్చిన చట్టం రైలు పట్టాలను పేరుపెట్టి మరీ ప్రస్తావించింది. 2011లో మొదలైన బయో టాయిలెట్లు 2019 నాటికి దాదాపు అన్ని ప్రయాణికుల బోగీల్లోకీ వచ్చాయి. ఒక ప్రయాణికుడి అవమానం తీరడానికి ఒక ఉత్తరం చాలిందట! అదే మురికిని తొక్కుతూ పనిచేసినవారి అవమానం తీరడానికి మాత్రం నూరేళ్ళు పట్టింది.

మనం కిటికీ పక్కన కూర్చుని అడవి అందం చూస్తుంటాం. ఆ అడవిలోనే కీమ్యాన్ భుజాన స్పానరు, సుత్తి, చేతిలో జెండాలతో రోజూ కిలోమీటర్ల కొద్దీ నడుస్తాడు. కొత్తగూడెం ఎండలు ఎలా ఉంటాయో మనకు తెలియంది కాదు. ఆ వేడికి పట్టా సాగి వంకర పోవచ్చు, చలి రాత్రుల్లో బిగుసుకుని విరగవచ్చు. అందుకే మనం బెర్తు మీద దుప్పటి కప్పుకున్న వేళ ఒకడు టార్చిలైటుతో పట్టాల వెంట నడుస్తూ ఉంటాడు. పాములు, వానలు ఒక ఎత్తయితే, ఒక బండికి తప్పుకుని పక్క లైను మీదికి జరిగినప్పుడు వెనకనుంచి వచ్చే ఇంకో బండి మరో ఎత్తు.

ముందున్న ఇంజనులో మాత్రం సుఖం ఉందా? మన బోగీలో నాలుగు మరుగుదొడ్లున్నా, బండి నడిపేవారికి ఒక్కటీ లేకుండానే తరాలు గడిచాయి. 2016 నుంచి కొన్ని ఇంజన్లలో ఆ వసతి మొదలైంది కానీ అన్నిటికీ ఇంకా రాలేదు. ఆడబిడ్డలు కూడా లోకో పైలట్లుగా పనిచేస్తున్న ఈ రోజుల్లో, దారి పొడవునా నీళ్ళు తాగకుండా డ్యూటీ చేయడం ఎంత నరకమో ఆలోచించండి.

యెరికో దారిలో దొంగల చేతికి చిక్కినవాడి ఉపమానం మనకు బాగా తెలుసు. యాజకుడు, లేవీయుడు చూసి కూడా పక్కనుంచి వెళ్ళిపోయారు. సమరయుడు గాయాలు కట్టాడని, డబ్బు ఇచ్చాడని ప్రసంగాల్లో వింటుంటాం. కానీ మధ్యలో ఇంకో పని కూడా చేశాడాయన. గాయపడ్డవాడిని తన వాహనం మీద ఎక్కించాడు. అంటే తన చోటు ఇచ్చి, తాను నడిచే ఉంటాడు! పొరుగువాడు ఎవరన్న ప్రశ్నకు ప్రభువు ప్రయాణం మధ్యలోనే జవాబు చూపించారు.

ఫిర్యాదు చేయవద్దని మేము అనడం లేదు. ఆడపిల్లను ఎవరైనా వేధిస్తే, నీళ్ళు రాకపోతే 139కి ఫోన్ చేయాల్సిందే. అయితే మన ఫిర్యాదులో వారి కష్టానికీ చోటుండాలి. ఊడ్చే చేతులకు గ్లౌజులు ఎందుకు లేవని, ఇంజనులో మరుగుదొడ్డి ఎందుకు లేదని ప్రయాణికులమైన మనం కూడా అడగాలి. ఈలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. బయో టాయిలెట్‌లో నీళ్ళ బాటిలో, గుట్కా ప్యాకెట్టో, పిల్లల డైపరో పడేస్తే అది మూసుకుపోతుంది. మనం దిగి ఇంటికి చేరుకుంటాం. దాన్ని తీయాల్సింది మాత్రం డిపోలో పనిచేసే ఒక మనిషే. ఈసారి రైలెక్కినప్పుడు ఆ బాటిల్‌ను సంచిలో పెట్టుకుని దిగుదాం. మనం ఎన్నడూ చూడని ఆ పొరుగువాడికి ఆ పూట ఒక పని తప్పుతుంది.