డాబా మీద టెలిస్కోప్, హాల్లో ల్యాప్‌టాప్.. మధ్యలో కేబుల్ చేసిన గొడవ

సంక్రాంతి సెలవులకి ప్రకాశం జిల్లాలోని మా ఊరెళ్తూ టెలిస్కోప్ కూడా పట్టుకెళ్లా. హైదరాబాద్‌లో దొరకని చీకటి అక్కడ దొరుకుతుంది, పైగా అమావాస్య దగ్గర్లో ఉంది. ఓరియన్ నెబ్యులాని తీరిగ్గా తీయాలని ప్లాన్. పండగ హడావుడి తగ్గేసరికి నాకు మిగిలింది ఒక్క రాత్రే. మర్నాడు సాయంత్రం బస్సు.

నా సెటప్ ఇదీ. టెలిస్కోప్ మీద కెమెరా, దాని పక్కనే రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు. కింద హాల్లో ల్యాప్‌టాప్. వైఫై శ్లాబు దాటి సరిగ్గా అందట్లేదని 20 మీటర్ల ఈథర్‌నెట్ కేబుల్ లాగా. కనెక్ట్ కాలేదు. అరగంట సేపు సాఫ్ట్‌వేర్‌నే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చున్నా. అదే నేను చేసిన తప్పు.

లైట్ వెలిగితే సరిపోదు

పోర్ట్ దగ్గర లైట్ వెలుగుతోంది. అంటే కేబుల్ లింక్ ఉందని మాత్రమే అర్థం. ల్యాప్‌టాప్ ఐపీ చూస్తే 169.254తో మొదలైంది. అంటే ఐపీ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరన్నమాట. మామూలుగా ఆ పని రౌటర్ చేస్తుంది, ఇక్కడ రౌటరే లేదు.

రెండింటినీ కాసేపు ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, బోర్డులోకి లాగిన్ అయ్యి, ఈథర్‌నెట్‌కి ఐపీ చేత్తోనే ఇచ్చా. ల్యాప్‌టాప్‌కి 192.168.50.1, బోర్డుకి 192.168.50.2, సబ్‌నెట్ మాస్క్ రెండింటికీ 255.255.255.0. గేట్‌వే ఖాళీగా వదిలేయండి. లేదంటే ల్యాప్‌టాప్ ఇంటర్నెట్‌ని కూడా ఈ కేబుల్‌లోనే వెతుక్కోవచ్చు. పింగ్ కొడితే రిప్లై వచ్చింది.

పది నిమిషాలకి మళ్లీ కట్

నాలుగు ఫోటోలు వచ్చాయి, లింక్ పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఈసారి లింక్ స్పీడ్ చూశా. 1000 ఎంబీపీఎస్ ఉండాల్సింది 100 చూపిస్తోంది. గిగాబిట్‌కి కేబుల్‌లోని 8 వైర్లూ కావాలి, 100కి నాలుగు చాలు. అంటే ఎక్కడో కాంటాక్ట్ సరిగ్గా లేదు.

పైకెళ్లి చూస్తే ప్లగ్ క్లిప్ విరిగి ఉంది. మౌంట్ తిరిగినప్పుడల్లా కేబుల్ లాగి ప్లగ్ వదులవుతోంది. బ్యాగ్‌లో ఉన్న 5 మీటర్ల కేబుల్ తీసి, ల్యాప్‌టాప్‌ని మెట్ల దగ్గరికి మార్చా. మౌంట్ తిరగడానికి సరిపడా వదులు ఉంచి, కేబుల్‌ని ట్రైపాడ్ కాలికి కట్టా. స్పీడ్ 1000కి వచ్చింది.

అసలు మార్చాల్సింది ఇది

అప్పటిదాకా కేస్టార్స్ ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది, బోర్డులో ఇండీ సర్వర్ మాత్రమే. అందుకే లింక్ పోగానే షూటింగ్ మొత్తం ఆగిపోయేది. కేస్టార్స్‌ని బోర్డులోనే నడిపి, వీఎన్‌సీతో స్క్రీన్ మాత్రం ల్యాప్‌టాప్‌లో చూశా. ఫోటోలు కూడా బోర్డులోనే సేవ్ అవుతాయి. ఇప్పుడు కేబుల్ ఊడినా పోయేది నా స్క్రీనే, ఫోటోలు కావు.

అప్పటికి పన్నెండు దాటింది, ఓరియన్ పడమటికి వాలిపోతోంది. నాన్న లేచి "ఏరా, ఇంకా పడుకోలేదా?" అని అడిగి, మెట్ల మీదున్న నన్ను చూసి దుప్పటి తెచ్చిచ్చారు. 30 సెకన్ల ఫోటోలు 120 వచ్చాయి, అంటే గంట డేటా. అనుకున్న దాంట్లో మూడో వంతే, కానీ ఖాళీ చేతులతో బస్సెక్కలేదు.

మీరు బ్యాగ్ సర్దే ముందు ఇంట్లోనే ఓ టెస్ట్ చేయండి. షూటింగ్ నడుస్తుండగా కేబుల్ కావాలనే పీకేయండి. ఫోటోలు ఆగకపోతే మీ సెటప్ రెడీ.