ఏరు పొంగితే దీవిలో కుక్కల సంగతేమిటి?

గుర్రంగడ్డ కృష్ణానది నడుమ ఉన్న ఊరు. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు జోగులాంబ గద్వాలలో ఉంది. దశాబ్దాలుగా ఆ ఊరివాళ్లు ఒడ్డుకు రావాలంటే పుట్టి (వెదురుతో అల్లిన గుండ్రటి పడవ) లేదా మరబోటే దిక్కు. ఎగువన నారాయణపూర్ జలాశయం నుంచి భారీగా నీళ్లు వదిలితే ఆ దారీ మూసుకుపోతుంది. 2009 అక్టోబరు మొదట్లో కృష్ణా, తుంగభద్ర ఒక్కసారే పొంగి అలంపూర్‌ను, కర్నూలును ముంచెత్తాయి. అంతటి వరదలో దీవిని ఖాళీ చేయించాల్సి వస్తే ముందు పిల్లల్ని, ముసలివాళ్లను, బాలింతలను దాటిస్తారు. వీలుంటే గొడ్డూగోదా. కుక్కలు అక్కడే మిగిలిపోతాయి.

సర్కారు లెక్కల్లోనే వాటికి చోటు లేదు. 2022 నాటి విపత్తు సహాయ నిబంధనల ప్రకారం ఆవో గేదో చనిపోతే 37,500 రూపాయలు, గొర్రెకైనా మేకకైనా 4,000, కోడికి 100 ఇస్తారు. ఆ జాబితాలో కుక్క పేరు లేదు. పైగా ఊరకుక్కకు యజమాని ఉండడు. నాలుగిళ్లవాళ్లు తలా ముద్ద వేస్తే బతుకుతుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు దాన్ని సామాజిక జంతువు (ఒక్క ఇంటిది కాక వాడకంతటికీ చెందినది) అన్నాయి. పడవ దగ్గర మాత్రం దాని తరఫున అడిగేవాళ్లు ఉండరు.

మనుషులు వెళ్లిన రోజే ముద్ద ఆగిపోతుంది. ఆకలికి కుక్కలు గుంపుకడతాయి. చచ్చిన పశువుల్ని పీక్కుతింటాయి, మిగిలిన కోళ్ల మీద పడతాయి. వరద తీసి జనం తిరిగొచ్చేసరికి అవి మునుపటిలా ఉండవు. ఆ గుంపులో ఒక్కదానికి రేబిస్ (కాటుతో సోకే జబ్బు, లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం) ఉన్నా మిగతావాటికి అంటుకోవచ్చు. అందుకే వరదలో కుక్కల్ని తరలించే పనిని వాటి మీద ప్రేమ ఉన్నవాళ్లకే వదిలేయకూడదు. ఇది ఊరి ఆరోగ్యానికి సంబంధించిన పని.

కుక్కల్ని పట్టడానికి ఓపిక కావాలి. బెదిరిన కుక్క వల చూస్తే నీళ్లలోకి దూకుతుంది. కాబట్టి ముందు బోనులో అన్నం, కోడి తోలు పెట్టి, తలుపు తెరిచే ఉంచి అలవాటు చేస్తారు. తల్లి దొరక్కపోతే కూనల్ని బోనులో పెడితే అదే వెతుక్కుంటూ వస్తుంది. బోను మీద గోనెపట్టా కప్పితే చీకటికి సద్దుమణుగుతుంది. బోనును పుట్టి నడిమధ్యన కట్టాలి. అంచున పెడితే కుక్క అటూఇటూ కదిలినప్పుడల్లా పుట్టి ఒరుగుతుంది. పట్టేవాళ్లు రేబిస్ టీకా ముందే వేయించుకుని ఉండాలి. ఒడ్డుకు చేరాక కూడా కడుపునిండా ఒకేసారి పెట్టరు. మాడిన కడుపు తట్టుకోలేదు.

తర్వాత ఎక్కడికి? పక్క ఊళ్లో వదిలేస్తే అక్కడి కుక్కలు తరిమి కరుస్తాయి, ఆ ఊరివాళ్లు పగబడతారు. కుక్కల మీద పగ ఎక్కడిదాకా పోగలదో పాలమూరు (మహబూబ్‌నగర్) చూసింది. 2024 ఫిబ్రవరిలో అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో ముసుగులు వేసుకున్నవాళ్లు సుమారు 20 వీధికుక్కల్ని తుపాకీతో కాల్చి చంపారు. 2023 నిబంధనలు కూడా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, టీకా అయ్యాక కుక్కను పట్టిన చోటే వదలాలంటాయి. కాబట్టి పెద్ద కుక్కల్ని వరద తీసేదాకా కాపాడి దీవికే చేర్చడం మేలని నా అభిప్రాయం. కూనల సంగతి వేరు. వాటికి ఇళ్లు దొరుకుతాయి. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు దత్తత ఇస్తాయి. వీధికుక్కల్ని దత్తత తీసుకోవచ్చని, తీసుకున్నవాళ్లు మళ్లీ వీధిలో వదలకూడదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22 ఉత్తర్వులో చెప్పింది.

ఈ విషయంలో ప్యూర్టోరికో దీవి అనుభవం పనికొస్తుంది. 2017 సెప్టెంబరులో మరియా తుపాను తర్వాత అక్కడి కుక్కల్ని విమానాల్లో అమెరికా ప్రధాన భూభాగానికి తరలించారు. ఇలాంటి తరలింపుల్లో పాటించే పద్ధతి ఒకటుంది. విపత్తుకు ముందునుంచీ ఆశ్రయంలో ఉన్నవాటినే మొదట పంపి, కొత్తగా దొరికినవాటిని దగ్గరే ఉంచుతారు. వాటి మనుషులు వెతుక్కుంటూ రావచ్చు కదా.

రేబిస్‌ను అడ్డుకోవడంలో గుర్రంగడ్డ లాంటి దీవికి ఒక అనుకూలత ఉంది. చుట్టూ నీళ్లుండటంతో బయటి కుక్కలు సులువుగా రాలేవు. నూటికి 70 కుక్కలకు ఏటా టీకా వేస్తే రేబిస్ వ్యాప్తి ఆగుతుంది. ఒడ్డు మీది ఊళ్లో కొత్తవి వచ్చి ఆ లెక్కను చెడగొడుతుంటాయి. అయితే టీకా వేసిన వెంటనే రక్షణ రాదు, కొన్ని వారాలు పడుతుంది. పడవ ఎక్కించే రోజున సూది వేసి ధీమాగా ఉండలేం. నది పలచబడే మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే టీకా, ఆపరేషన్ పూర్తికావాలి. ఆపరేషన్ అయినదానికి చెవి కొసన చిన్న కోత పెడతారు కాబట్టి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. అప్పుడే ఏ కుక్క ఏ ఇంటి ముందు తింటుందో, ఏ పేరు పెట్టి పిలిస్తే వస్తుందో పంచాయతీలో రాసిపెట్టుకుంటే, వరద రోజున ఆ ఇంటివాళ్లే దాన్ని పిలిచి తమతో పాటు తీసుకురాగలరు. అలా వచ్చేదానికి వల అక్కర్లేదు.