అప్రస్తుతానికి ఒక పీట: తెలుగు అభిరుచి గోష్ఠులలో విషయనిబద్ధత, సభామర్యాద

సారాంశం

ఒకే అభిరుచి గలవారు కూడి మాట్లాడుకునే చోట రెండు చిక్కులు తరచుగా ఎదురవుతాయి. చర్చ విషయాన్ని విడిచి పోవడం మొదటిది. మాట మర్యాదను విడిచి పోవడం రెండవది. ఈ రెండింటినీ భారతీయ వాదశాస్త్రం దోషాలుగా గుర్తించి వర్గీకరించగా, తెలుగువారి అవధాన ప్రక్రియ అప్రస్తుతాన్ని సభలోనే ఒక అంశంగా చేర్చుకొని అదుపులో పెట్టింది. న్యాయశాస్త్రంలోని నిగ్రహస్థానాలు, చరకసంహితలోని సంభాషావిధి, అష్టావధానంలోని అప్రస్తుత ప్రసంగం, 1921 నాటి హైదరాబాదు సభ, 1934 నాటి గోలకొండ కవుల సంచిక ఆధారంగా, విషయనిబద్ధతకూ సభామర్యాదకూ గల సంబంధాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. 'ఇది అప్రస్తుతం' అని నిర్ణయించే అధికారం ఎవరిది, దానికి హద్దు ఏది అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: అప్రస్తుత ప్రసంగం, నిగ్రహస్థానం, అర్థాంతరం, సంధాయ సంభాష, అవధానం, సభామర్యాద, సికింద్రాబాదు.

1. ఉపోద్ఘాతం

'రామాయణంలో పిడకలవేట' అన్న సామెత విషయాంతరాన్ని ఎత్తిచూపడానికి తెలుగువారు వాడే మాట. ఇందులో పిడకలను ఎవరూ నిందించలేదు. పొయ్యి వెలగాలంటే పిడకలు కావలసిందే. అయితే రామాయణం సాగుతున్న వేళ వాటిని వెతకడం తగదు. ఒక మాట అప్రస్తుతం కావడానికి కారణం దాని స్వభావంలో కాక, అది వచ్చిన సందర్భంలో ఉంటుందన్న ఎరుక ఈ సామెతలో కనిపిస్తుంది. మన ఆలంకారికులు ఔచిత్యం అన్నది కూడా చాలావరకు దీనినే.

జంటనగరాలకు గోష్ఠి సంప్రదాయం కొత్తది కాదు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, సికింద్రాబాదులో 1905లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిశాయి. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడానికి మాత్రమే కాక, తెలుగు మాట్లాడేవారు ఒకచోట కూర్చోవడానికి కూడా ఇటువంటి గ్రంథాలయాలు నెలవులయ్యాయి. 1963లో సికింద్రాబాదులో ఏర్పడిన యువభారతి సాహితీ సంస్థ ఆచార్య దివాకర్ల వేంకటావధాని వంటి పండితుల అండతో కావ్యలహరి, చైతన్యలహరి మొదలైన ప్రసంగ పరంపరలను నిర్వహించి, వాటిని గ్రంథాలుగా వెలువరించింది. ముందే ప్రకటించిన శీర్షిక, దానికి కట్టుబడిన వక్త, దానికోసమే వచ్చిన శ్రోత అన్న మూడింటి కలయికే అటువంటి పరంపరకు బలం. శీర్షిక కట్టుతప్పితే ఉపన్యాసం గ్రంథంగా నిలవదు.

2. శాస్త్రం చూపిన దోషాలు

చర్చను గౌతముని న్యాయసూత్రాలు వాదం, జల్పం, వితండ అని మూడుగా విభజించాయి. తత్త్వనిర్ణయం కోసం సాగేది వాదం. గెలుపు కోసం సాగేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ నిలుపుకోకుండా ఎదుటివాని పక్షాన్ని పడగొట్టడానికే సాగేది వితండ. వితండవాదం అన్న మాట నేటికీ తెలుగు వ్యవహారంలో సజీవంగా ఉంది. వాదం, జల్పం మధ్య గల భేదం మాత్రం మరుగున పడింది. అభిరుచి గోష్ఠులలో తలెత్తే చాలా తగవులకు మూలం ఈ భేదాన్ని గుర్తించకపోవడమే. ఒకరు తెలుసుకోవడానికి అడుగుతారు. మరొకరు ఓడించడానికి బదులిస్తారు. ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే విషయమైనా వారు పాల్గొంటున్న చర్చ ఒకటి కాదు.

న్యాయసూత్రాల ఐదవ అధ్యాయం ఇరవై రెండు నిగ్రహస్థానాలను, అంటే వాది ఓడినట్లు నిర్ణయించదగిన సందర్భాలను, పేర్కొంది. ప్రతిజ్ఞ చేసిన విషయాన్ని వదలి దానితో సంబంధం లేని మరొక విషయంలోకి జారడం అర్థాంతరం. చెప్పినదే నిష్ప్రయోజనంగా మళ్లీ చెప్పడం పునరుక్తం. పని ఉందన్న మిషతో చర్చను నడుమ వదలి వెళ్లడం విక్షేపం. సభకు అర్థమైన వాక్యాన్ని మూడుసార్లు చెప్పినా ప్రతివాది తిరిగి అనలేకపోవడం అననుభాషణం. ఎదుటివాని మాటను ముందుగా సరిగా పలకగలిగితేనే దానిని ఖండించే అర్హత వస్తుందన్న సూక్ష్మం ఈ చివరిదానిలో ఉంది. విషయనిబద్ధతకు మర్యాద తోడయ్యేది ఇక్కడే. ఎదుటివాని మాటను వక్రీకరించకుండా తిరిగి చెప్పగలవాడు విషయం తప్పడు, సాధారణంగా నోరూ జారడు.

ఈ జాబితాలో మరో రెండు అంశాలు మరింత గమనార్హమైనవి. ఎదుటివాడు నిజంగా దోషం చేసినా ఎత్తిచూపకపోవడం పర్యనుయోజ్యోపేక్షణం. దోషం లేనిచోట దోషం ఆరోపించడం నిరనుయోజ్యానుయోగం. శాస్త్రం ఈ రెండింటినీ ఓటమి కిందనే లెక్కించింది. తప్పు పట్టవలసిన చోట మిన్నకుండడం ఎంత దోషమో, పట్టకూడని చోట పట్టడమూ అంతే దోషం. సభను నడిపేవారికి ఇంతకంటే సూటియైన నియమం మరొకటి దొరకదు.

చరకసంహిత విమానస్థానంలోని ఎనిమిదవ అధ్యాయం ఇదే విషయాన్ని వృత్తి దృష్టితో చూసింది. వైద్యుల మధ్య జరిగే చర్చను అది సంధాయ సంభాష, విగృహ్య సంభాష అని రెండుగా విభజించింది. మొదటిది స్నేహంతో కలిసి చేసేది. రెండవది విరోధంతో చేసేది. స్నేహపూర్వక చర్చలో నమ్మకంతో అడగాలని, నమ్మకంతో అడిగినవారికి విశదంగా చెప్పాలని, ఎదుటివాడు ఓడితే పొంగిపోరాదని, ఆ ఓటమిని నలుగురిలో చాటుకోరాదని ఆ గ్రంథం బోధించింది. మర్యాదను అది అలంకారంగా చూడలేదు. జ్ఞానవృద్ధికి సాధనంగా చూసింది. తన అజ్ఞానం బయటపడితే అవమానం తప్పదన్న భయం ఉన్నచోట ఎవరూ ప్రశ్న వేయరు. ప్రశ్న లేని చోట విద్య ఎదగదు.

3. అవధానం చూపిన దారి

శాస్త్రం అర్థాంతరాన్ని దోషమని చెప్పి వెలుపల పెట్టింది. అవధానం దానికి సభలోనే పీట వేసింది. అష్టావధానంలో సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన, ఆశువు వంటి అంశాల సరసన అప్రస్తుత ప్రసంగం కూడా ఒక అంశం. ఎనిమిదింటిలో ఏవి ఉండాలన్నది సభను బట్టి కొంత మారినా, అప్రస్తుత ప్రసంగం లేని అవధానసభ అరుదు.

దీని పనితీరు విశిష్టమైనది. తక్కిన పృచ్ఛకులు తమ వంతు వచ్చినప్పుడు అడుగుతారు. అప్రస్తుత ప్రసంగి మాత్రం అవధాని పద్యపాదం కూర్చుకుంటున్న వేళ ఏ క్షణంలోనైనా అడ్డుతగలవచ్చు. భోజనం గురించి, సినిమా గురించి, రాజకీయాల గురించి, చివరకు అవధాని వేషం గురించి కూడా ప్రశ్న రావచ్చు. అవధాని దానిని వినాలి, వెంటనే చమత్కారంగా బదులివ్వాలి, ఆపైన ఆగిన పాదాన్ని ఆగిన చోటనే అందుకోవాలి. చివర ధారణలో ఆ పద్యాలన్నింటినీ తప్పు లేకుండా అప్పగించాలి. కనుక అప్రస్తుతం ఇక్కడ ప్రస్తుతానికి పరీక్ష అవుతుంది. ఎంత దూరం వెళ్లాడన్నది కాక, తిరిగి రాగలిగాడా అన్నదే సభ చూస్తుంది.

ఈ ఏర్పాటులో మూడు హద్దులు ఉన్నాయి. మొదటిది వ్యక్తికి సంబంధించినది: అప్రస్తుతం మాట్లాడే హక్కు సభలో ఒక్కరిదే. రెండవది లక్ష్యానికి సంబంధించినది: ఆ ప్రశ్న అవధాని ఏకాగ్రతను గురిచూస్తుంది, అతని గౌరవాన్ని కాదు. మూడవది సమాధానానికి సంబంధించినది: అవధాని బదులు పృచ్ఛకుడిని కూడా నవ్వించాలి, అతడిని నవ్వులపాలు చేస్తే చమత్కారం చెడుతుంది. ఈ మూడింటినీ కాపాడే బాధ్యత సంచాలకుడిది. అప్రస్తుత ప్రసంగి ఎక్కువైతే వారించేది, తక్కువైతే ప్రోత్సహించేది అతడే. అదే అల్లరి సభలో అందరూ చేస్తే అవధానం సాగదు. ఎవరూ చేయకపోతే సభ బిగుసుకుపోతుంది.

హద్దు దాటితే ఏమవుతుందో కూడా పద్యసాహిత్య చరిత్రే చూపింది. అవధానానికి ఊరూరా ఆదరణ తెచ్చిన తిరుపతి వేంకట కవులకు కొప్పరపు సోదర కవులతోనూ, వేంకట రామకృష్ణ కవులతోనూ సాగిన వివాదాలు ప్రసిద్ధం. 'గీరతం' వంటి రచనలు ఆ వేడిలో పుట్టినవే. శబ్దసాధుత్వం మీద విలువైన చర్చ వాటిలో ఉన్నా, నేటి చదువరి దానిని ఎత్తిపొడుపుల మధ్య నుండి ఏరుకోవలసి వస్తుంది. పాండిత్యం కొరవడి ఆ వాదాలు దారి తప్పలేదు. వాదం జల్పంగా మారిన క్షణాన ఆపగల సంచాలకుడు అక్కడ లేడు.

4. 'అప్రస్తుతం' అనే తీర్పు: 1921 నాటి పాఠం

విషయనిబద్ధత పేరిట అన్యాయం జరిగే అవకాశమూ ఉంది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని ఆవరణలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. వక్తలు ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు భాషలలో మాట్లాడారు, సభ ఆలకించింది. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులలో కొందరు గేలిచేసి అడ్డుకున్నారు. ఆయన ఎత్తుకున్నది సభ విషయాన్నే. అంటే విషయం తప్పినవారు లేరు. మర్యాద తప్పినవారే ఉన్నారు. ఒక భాషనే అప్రస్తుతంగా చూడడం అక్కడ జరిగిన దోషం. న్యాయశాస్త్ర పరిభాషలో అది నిరనుయోజ్యానుయోగమే.

ఆ అవమానం అక్కడితో ఆగలేదు. తెలుగువారు కొందరు ఆ రాత్రే సమావేశమై ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. ఆ ఉద్యమమే ఎదిగి, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభగా రూపుదిద్దుకుంది. ఒక సభలో మాట దక్కనివారు తమకొక సభను నిర్మించుకున్నారు. సభామర్యాద చిన్న విషయం కాదనడానికి తెలంగాణ చరిత్రలో ఇంతకంటే బలమైన నిదర్శనం అరుదు.

ఆక్షేపణకు ఎలా బదులివ్వాలన్నదానికి కూడా ఆ కాలమే ఆదర్శం చూపింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న అర్థంలో ఒక వ్యాఖ్య వెలువడినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి నిందకు ప్రతినింద చేయలేదు. ఊళ్ల నుండి కవుల వివరాలను, పద్యాలను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించారు. ఆక్షేపణ ఏ విషయం మీద వచ్చిందో సమాధానం ఆ విషయం మీదనే నిలిచింది. ఆక్షేపకుని మీదికి పోలేదు. ఆ వ్యాఖ్య నేడు ఆ సంచిక పుట్టుకకు కారణంగా మాత్రమే గుర్తుంది. సంచిక మాత్రం తెలంగాణ సాహిత్య పరిశోధనకు ఆకరగ్రంథమైంది.

5. నేటి అభిరుచి గోష్ఠులకు అన్వయం

పద్యరచన, నాణేల సేకరణ, పాత పాటలు, తోటపని వంటి అభిరుచులతో కూడే సమూహాలు నేడు సమావేశ మందిరాలలోనూ, చేతిఫోన్లలోనూ సాగుతున్నాయి. ఎదుటివారి ముఖం కనిపించని చోట మాట త్వరగా పదునెక్కుతుంది. సంచాలకుని చూపు, సభికుల నవ్వు, వక్త వయస్సు పట్ల గౌరవం వంటి అదుపులు అక్కడ ఉండవు. వాటి స్థానంలో స్పష్టమైన కట్టుబాట్లు అవసరమవుతాయి.

అయితే ప్రస్తుతానికీ అప్రస్తుతానికీ మధ్య గీత గీయడం అంత సులభం కాదు. సికింద్రాబాదులోని నాణేల సేకర్తల గోష్ఠిలో హాలీ సిక్కా మీద చర్చ జరుగుతున్నదనుకుందాం. నాణెం మీది చార్మినారు ముద్ర గురించి, హిజ్రీ సంవత్సరం గురించి మాటలు సాగుతుండగా ఒకరు నిజాం పాలన ప్రస్తావన తెచ్చారు. టంకసాల ఎవరి అధికారంలో ఉండేది, బ్రిటిష్ నాణెంతో మారకం ఎలా జరిగేది అన్న ప్రశ్నలైతే అవి పాలనకు సంబంధించినవే అయినా నాణెం మీద వెలుగు ప్రసరిస్తాయి. ఆ పాలన మంచిదా చెడ్డదా అని నేటి రాజకీయ పక్షాల పేర జట్లు కడితే నాణెం కనుమరుగవుతుంది. అలంకారశాస్త్రంలోని అప్రస్తుతప్రశంస ఇక్కడ కొలబద్దగా పనికివస్తుంది. అప్రస్తుతాన్ని వర్ణించడం ద్వారా ప్రస్తుతం స్ఫురించినప్పుడే అది అలంకారం. స్ఫురించకపోతే కేవలం విషయాంతరం.

పై పరిశీలన నుండి నాలుగు ఆచరణసూత్రాలు తేలుతాయి. ఒకటి, విషయాన్ని ముందుగా ప్రకటించడం. ప్రకటించని హద్దును దాటినందుకు ఎవరినీ తప్పుపట్టరాదు. రెండు, అప్రస్తుతానికి ప్రత్యేకంగా వేళనో చోటునో కేటాయించడం. పూర్తిగా నిషేధించిన మాట మరో దారిన చొరబడుతుంది. మూడు, ఖండించే ముందు అనుభాషణం చేయడం, అంటే ఎదుటివారి మాటను వారు ఒప్పుకునే రీతిలో తిరిగి చెప్పడం. నాలుగు, నిర్వాహకుని తీర్పును కూడా ప్రశ్నించే వీలు కల్పించడం. ఈ నాల్గవది లేనప్పుడు తక్కిన మూడూ బలవంతుల చేతిలో ఆయుధాలవుతాయన్నదే 1921 నాటి పాఠం.

6. ముగింపు

విషయనిబద్ధత, మర్యాద వేర్వేరు గుణాలుగా కనిపించినా రెండింటికీ మూలం వినడమే. విన్నవాడే విషయం మీద నిలుస్తాడు. తన మాట విన్నారన్న నమ్మకం కలిగినవాడే గొంతు తగ్గిస్తాడు. న్యాయశాస్త్రం దోషాలకు పేర్లు పెట్టింది. చరకసంహిత స్నేహాన్ని విద్యకు షరతు చేసింది. అవధానం అల్లరికి పీట వేసి, దాని చుట్టూ గీత గీసింది. ఈ వారసత్వం ఉన్న సమాజం నేటి గోష్ఠుల కట్టుబాట్లను పూర్తిగా కొత్తగా కనిపెట్టనవసరం లేదు. పిడకలకూ ఒక వేళ ఉంటుంది. రామాయణం సాగుతున్నంతసేపు అవి పెరట్లో ఉంటే చాలు.